పాత విదేశీ సినిమాల్లో బ్రిటిష్ బస్సులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత విదేశీ సినిమా చూస్తూ, కథానాయకుణ్ణి వదిలేసి అతని వెనక రోడ్డు మీద పోతున్న బస్సు కోసం బొమ్మను వెనక్కి తిప్పుకునేవాళ్లు నేననుకున్న దానికంటే ఎక్కువ మందే ఉన్నారు. వాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. ఇంగ్లండు, స్కాట్లండ్ కర్మాగారాల్లో తయారై 1920ల నుంచి 1970ల దాకా ఓడలెక్కిన బస్సుల వరకే నా పరిధి.

తెర మీద బస్సు కనిపించగానే ముందుగా ఏం చూడాలి?

చక్రాలు చూడాలి. మా పెదనాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని సినిమా చూస్తూ, బస్సు రంగూ కిటికీలూ ముందు అద్దాలూ చూసి దాని పేరు చెప్పేసేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ తప్పే. "ఒరే, మొహం కాదు, కాళ్లు చూడు" అనేవారు. నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. కంపెనీ నుంచి లారీ ఛాసిస్ మాత్రమే వస్తుంది. బాడీ ఇక్కడి మేస్త్రీలు కడతారు. అందుకే ఒకే కంపెనీ లారీలు రెండు ఊళ్లలో రెండు రకాలుగా కనిపిస్తాయి. బ్రిటిష్ బస్సుల ఎగుమతి కూడా చాలావరకు ఇలాగే నడిచింది. ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు, చక్రాలు బిగించిన ఛాసిస్‌ను ఓడలో పంపేవారు. కొన్నిసార్లు దాన్ని కూడా విడిభాగాలుగా పెట్టెల్లో సర్ది పంపేవారు. బాడీని ఫిన్లండ్‌లో ఫిన్లండ్ వాళ్లు, పోర్చుగల్‌లో పోర్చుగల్ వాళ్లు కట్టుకున్నారు. మొహం చూసి చెబితే ఊరి వడ్రంగి పనితనం గురించి చెప్పినట్టవుతుంది గానీ బస్సు గురించి చెప్పినట్టు కాదు.

ముందు చక్రం ఎక్కడుందో చూస్తే సగం పని అయిపోతుంది. చక్రం బస్సు ముక్కు కిందే ఉండి, ఎక్కే తలుపు దాని వెనక ఎక్కడో ఉంటే ఇంజను ముందు భాగంలో ఉన్నట్టు. తలుపు మొదట వచ్చి, చక్రం దాని తరువాత ఉంటే ఇంజను నేల కిందో వెనకో ఉన్నట్టు. రెండో రకం 1950 ప్రాంతం నుంచే విస్తారంగా కనిపిస్తుంది. ఈ ఒక్క గుర్తుతోనే కాలం కూడా కొంత తేలుతుంది.

ఇన్ని దేశాల్లో బ్రిటిష్ బస్సులే ఎందుకు కనిపిస్తాయి?

వలసలు ఒక కారణం. యుద్ధం ఇంకో కారణం. 1945 తరువాత బ్రిటన్ చేతిలో డాలర్లు లేవు. ఉక్కు కొరత. ఎగుమతి చేసే కంపెనీలకే ఉక్కు కేటాయింపుల్లో ప్రాధాన్యం దక్కేది. దాంతో సొంత ఊళ్లలో జనం పాత డొక్కు బస్సుల కోసం క్యూల్లో నిలబడి ఉండగా, కొత్త బస్సులు లిస్బన్‌కూ బాగ్దాద్‌కూ దక్షిణ అమెరికాకూ వెళ్లాయి.

అయితే వలస పాలన లేని చోట కూడా ఇవి ముందే చేరాయి. 1924 ఆగస్టు 8న మాస్కోలో మొదటి నగర బస్సు మార్గం మొదలైనప్పుడు తిరిగినవి ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతపు కంపెనీ లేలాండ్ తయారుచేసిన ఎనిమిది బస్సులు. విప్లవం జరిగి ఏడేళ్లు కాకముందే కార్మిక రాజ్యపు రాజధానిలో లాంకషైర్ బస్సు! 1920ల మాస్కో వీధులు కనిపించే మూకీ చిత్రాల్లో బస్సును చూసి "ఇది రష్యా బండి" అని తేల్చేయవద్దు.

'హాఫ్ క్యాబ్' అంటే ఏమిటి?

డ్రైవరుకు ఇంజను పక్కన ఒక చిన్న విడి గది ఉంటుంది. అందులోకి అతను బయటి తలుపు నుంచే ఎక్కుతాడు. పక్కనే బానెట్, దాని ముందు రేడియేటర్. ఎదురుగా చూస్తే బస్సు ముఖంలో సగం ఎత్తుగా, సగం కోసేసినట్టు ఉంటుంది. డ్రైవరుకూ ప్రయాణికులకూ సంబంధం ఉండదు, టికెట్లన్నీ కండక్టరే చూసుకోవాలి. బ్రిటిష్ ఎగుమతి బస్సుకు ఇంతకంటే మంచి ముద్ర లేదు. ఈ అమరికను ఇంత కాలం, ఇంత మొండిగా పట్టుకుని వేలాడిన దేశం మరొకటి లేదు.

డ్రైవరు దిశలో చూస్తే ఆ గది కుడివైపు ఉంటే రోడ్డుకు ఎడమ పక్క నడిచే దేశం, ఎడమవైపు ఉంటే కుడి పక్క నడిచే దేశం అని అనుకోవచ్చు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, కింద చెబుతాను.

రేడియేటర్ చూసి కంపెనీ చెప్పవచ్చా?

చెప్పవచ్చు. ఈ పనిలో ఎక్కువ సరదా ఉన్నది ఇక్కడే. బాడీలు ఎవరు కట్టినా రేడియేటర్ మాత్రం కంపెనీ నుంచి వచ్చినదే బిగించేవారు కాబట్టి, మొహంలో నమ్మదగిన భాగం అదొక్కటే.

డైమ్లర్‌ను గుర్తుపట్టడం అన్నిటికంటే తేలిక. రేడియేటర్ చట్రం పై అంచు నున్నగా ఉండదు, నిలువు గాడులు తీసినట్టు మడతలు మడతలుగా ఉంటుంది. బొమ్మ ఎంత మసకగా ఉన్నా ఎండ పడితే ఆ మడతలు చారలుగా మెరుస్తాయి. గై కంపెనీ బండికి రేడియేటర్ మూత మీద ఈకల కిరీటం పెట్టుకున్న అమెరికా ఆదివాసి నాయకుడి తల ఉంటుంది. ఆ కంపెనీ డబుల్ డెక్కర్ పేరేమో 'అరబ్', తయారైనదేమో వుల్వర్‌హాంప్టన్‌లో. నెత్తిన ఒక ఖండం, పేరులో ఇంకో ఖండం! ఏఈసీ రేడియేటర్ మీద త్రికోణపు బిళ్ల కనిపిస్తుంది. ఆ కంపెనీది లండన్ పడమటి శివారు సౌతాల్. గ్లాస్గో నగరపు ఆల్బియన్ గుర్తు ఉదయించే సూర్యుడు, కిరణాలతో సహా.

లేలాండ్ రేడియేటర్ మీద పేరే రాసి ఉంటుంది, కనిపిస్తే సందేహానికి తావే లేదు. మాటల్లో మాట: లేలాండ్ అనేది మనిషి పేరు కాదు, కంపెనీ పుట్టిన లాంకషైర్ ఊరి పేరు. మన అశోక్ లేలాండ్‌లోని అశోక్ మాత్రం మనిషే. 1948లో అశోక్ మోటార్స్ స్థాపించిన రఘునందన్ శరణ్ తన కొడుకు పేరు పెట్టారు. ఒక తండ్రి ముద్దూ ఒక ఊరి పేరూ కలిసి ఇన్నేళ్లుగా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి.

1950లు గడిచేకొద్దీ రేడియేటర్‌ను రేకు ముసుగు వెనక దాచే అలవాటు వచ్చింది. అలాంటి బస్సుల దగ్గర ఈ విద్య పెద్దగా పారదు. అప్పుడు మళ్లీ కాళ్లే గతి.

బ్యాడ్జి మీద 'ఆక్లో' అని ఉంది. అలాంటి కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదే?

అది ఏఈసీయే. దక్షిణ అమెరికా మార్కెట్లలో ఆ కంపెనీ తన బస్సులను ఆక్లో (ACLO) పేరుతో అమ్మింది. 1940లు, 50ల నాటి అర్జెంటీనా, ఉరుగ్వే చిత్రాల్లో ఆ నాలుగు అక్షరాలు కనిపిస్తే సౌతాల్ బండే అనుకోండి.

ముందు రేడియేటర్ గానీ బానెట్ గానీ లేవు. అయినా బ్రిటిష్ బస్సేనని ఎలా అంటారు?

ఇక్కడ నిజంగా కష్టపడాలి. ఇంజనును అడ్డంగా పడుకోబెట్టి, రెండు ఇరుసుల మధ్య నేల కింద దాచిన బస్సులు ఇవి. వీటిలో ఎగుమతికి పెట్టింది పేరు లేలాండ్ రాయల్ టైగర్ వరల్డ్‌మాస్టర్, 1954లో వచ్చింది. పేరుకు తగ్గట్టే ప్రపంచమంతా తిరిగింది. ఇజ్రాయెల్‌లో ఎగ్గెడ్, డాన్ సహకార సంస్థలు వీటిని పెద్ద సంఖ్యలో నడిపాయి. 1960ల ఇజ్రాయెల్ చిత్రంలో వీధి దృశ్యం ఉంటే అది కనిపించకుండా పోదు. బాడీలు స్థానికంగా కట్టినవే కాబట్టి చూడటానికి బ్రిటిష్ వాసన ఎక్కడా ఉండదు.

ఇలాంటి వాటిలో పక్క భాగం చూడాలి. రెండు చక్రాల మధ్య, నడుము కింద గాలి ఆడటానికి జాలీలు, తెరవడానికి వీలైన రేకు మూతలు ఉంటాయి. వెనక వైపు రేకు మూసి ఉండి, మధ్యలో మాత్రమే జాలీ కనిపిస్తే ఇంజను అక్కడ ఉన్నట్టే. ఆ కాలపు అమెరికా నగర బస్సులకు, సోవియట్ బస్సులకు అమరిక వేరు. అక్కడి నుంచి వరల్డ్‌మాస్టర్ దాకా వెళ్లడానికి మాత్రం ఏ దేశం, ఏ సంస్థ, ఏ సంవత్సరం అనేవి కలిసి రావాలి.

ఇదే కుటుంబంలో లేలాండ్ ఒలింపిక్ వేరే దారి తొక్కింది. దాని బాడీ కూడా ఇంగ్లండులోనే కట్టి, మొత్తం బస్సుగా పంపేవారు. అందుకే అది ఎక్కడ కనిపించినా ముఖం దాదాపు ఒకటే.

హవానాలో తీసిన 1960ల చిత్రాల్లో కనిపించే బస్సులు అవేనా?

చాలావరకు అవే. వీటి కథ చెప్పకుండా ఉండలేను. 1964 జనవరిలో క్యూబా వందల కొద్దీ లేలాండ్ బస్సులకు ఒప్పందం కుదుర్చుకుంది. అమెరికా వాణిజ్య దిగ్బంధం నడుస్తున్న రోజులవి. తన మిత్రదేశమే క్యూబాకు బస్సులు అమ్మడం వాషింగ్టన్‌కు మింగుడుపడలేదు. బస్సు యుద్ధ సామగ్రి కాదని బ్రిటన్ తన పని తాను చేసుకుపోయింది.

అదే ఏడాది అక్టోబరు 27న మాగ్డెబర్గ్ అనే తూర్పు జర్మనీ ఓడ 42 బస్సులతో థేమ్స్ నదిలో దిగువకు వెళ్తూ యమషిరో మారు అనే జపాన్ ఓడను ఢీకొని ఒరిగిపోయింది. డెక్కు మీద కట్టిన బస్సులు పక్కకు పడి సగం నీళ్లలో, సగం బయట. దీని వెనక కుట్ర ఉందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నా మటుకు, రద్దీగా ఉన్న నదిలో ఓడలు గుద్దుకోవడానికి గూఢచారులు అక్కరలేదు.

హవానా వాసులకు 'లేలాండ్' అనేది బస్సుకు మారుపేరైంది. కొత్త విడిభాగాలు దొరకని దేశంలో ఏళ్ల తరబడి నడిచిన ఆ బస్సులను తెర మీద చూస్తే, ఒక్కోదానికి ఒక్కో రకం హెడ్‌లైటు, అతుకుల రేకులు కనిపిస్తాయి. ఆ అతుకులు ఎంత ఎక్కువైతే దృశ్యం అంత తరువాతిది.

ఎర్రటి డబుల్ డెక్కర్ కనిపిస్తే అది రూట్‌మాస్టరేనా?

రూట్‌మాస్టర్ అంటే లండన్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఎర్ర డబుల్ డెక్కర్. ఎర్రదల్లా అదే అనుకోవడం అందరూ చేసే తప్పు, నేనూ చేశాను. 1973 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'లివ్ అండ్ లెట్ డై'లో బాండ్ ఒక డబుల్ డెక్కర్‌ను తక్కువ ఎత్తున్న వంతెన కిందుగా తోలితే పై అంతస్తు ఊడి పడుతుంది కదా, అది రూట్‌మాస్టర్ అని ఒకసారి పెళ్లిలో పదిమంది ముందు పందెం కాసి ఓడిపోయాను. అది ఏఈసీ రీజెంట్, లండన్ వాళ్లు ఆర్‌టీ అని పిలిచే రకం. లండన్‌లో తిరిగి రిటైరైన బస్సునే జమైకాకు తీసుకువెళ్లారు. పై అంతస్తును ముందే కోసి, జారిపోయేలా అమర్చారు. ఆ సన్నివేశంలో తోలినది లండన్ ట్రాన్స్‌పోర్ట్‌లో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే మారిస్ ప్యాచెట్.

తేడా ఇలా పట్టుకోవాలి. ఆర్‌టీలో రేడియేటర్ విడిగా, నిలువుగా, మెరుపు చట్రంతో నిలబడి కనిపిస్తుంది. దాని పక్కన మడ్‌గార్డు కూడా వేరే ముక్కగా తెలుస్తుంది. రూట్‌మాస్టర్‌లో బానెట్, జాలీ, మడ్‌గార్డు అన్నీ ఒకే రేకు ముఖంలో కలిసిపోతాయి, విడిగా రేడియేటర్ అంటూ కనిపించదు. సంఖ్యలు కూడా గుర్తుంచుకోవడం మంచిది. రూట్‌మాస్టర్లు 1968 దాకా తయారైనవి మొత్తం 2,876. ఆర్‌టీ రకమే 4,825, వాటికి తోడు లేలాండ్ తయారుచేసిన సోదర రకాలు మరో రెండు వేలకు పైనే. 1950లు, 60ల దృశ్యమైతే ఆర్‌టీ అయ్యే అవకాశమే ఎక్కువ.

లండన్‌లో పదవీ విరమణ చేసిన ఆర్‌టీ కుటుంబపు బస్సులు పెద్ద సంఖ్యలో సిలోన్‌కు వెళ్లాయి. కాబట్టి 1960ల సింహళ చిత్రంలో కొలంబో వీధి లండన్‌లా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. కాలిఫోర్నియాలో డేవిస్ అనే విశ్వవిద్యాలయపు ఊళ్లో 1968లో విద్యార్థులు మొదలుపెట్టిన బస్సు సర్వీసు కూడా రెండు పాత లండన్ డబుల్ డెక్కర్లతోనే ప్రారంభమైంది.

రోడ్డుకు ఏ పక్క నడుస్తున్నాయో చూసి దేశం చెప్పవచ్చా?

దేశంతో పాటు కొన్నిసార్లు సంవత్సరం కూడా చెప్పవచ్చు. అర్జెంటీనా 1945 జూన్ 10న ఎడమ నుంచి కుడికి మారింది. బ్యూనస్ ఐరిస్ వీధిలో బండ్లన్నీ ఎడమ పక్కన పోతుంటే అది అంతకుముందు తీసినదే. ఉరుగ్వే అదే సంవత్సరం సెప్టెంబరులో, స్వీడన్ 1967లో, ఐస్‌లాండ్ 1968లో, నైజీరియా 1972లో, ఘనా 1974లో మారాయి.

ముందు చెప్పిన మినహాయింపు సంగతి: ఎడమ పక్క నడిచే దేశానికి కట్టిన బస్సు కుడి పక్క నడిచే దేశానికి చేరడం. లండన్ 1961లో తన క్యూ1 రకం ట్రాలీబస్సుల్లో 125 స్పెయిన్‌కు అమ్మేసింది. తీగల నుంచి కరెంటు తీసుకుని నడిచే డబుల్ డెక్కర్లవి. బిల్బావో, సంతాందేర్, సరగోసా వంటి నగరాల్లో తిరిగాయి. లండన్‌లో తలుపు ఎడమవైపు, స్పెయిన్‌లో కాలిబాట కుడివైపు. అందుకని ఎడమ తలుపు మూసి కుడివైపు కొత్తది కోశారు. స్పెయిన్ సినిమాలో లండన్ ఆకారపు డబుల్ డెక్కర్ నెత్తిన రెండు కర్రలతో, తలుపు 'తప్పు' వైపున ఉండి కనిపిస్తే కళ్లు నలుపుకోనక్కరలేదు.

బస్సు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఇదేం దేశం?

ఏ దేశమూ కాదు, బొమ్మను ఎడిటింగులో తిప్పేశారు. పాత్ర ఎడమ నుంచి కుడికి వెళ్లాలని దర్శకుడు అనుకుంటే బస్సు తలుపు కూడా అటు వెళ్లిపోతుంది. ఏదైనా తేల్చే ముందు ఒక దుకాణం బోర్డు గానీ నంబర్ ప్లేటు గానీ చదివి చూడండి. అలాగే కారులో కూర్చున్న పాత్రల వెనక అద్దంలో కనిపించే బస్సును నమ్మవద్దు. అది స్టూడియోలో తెర మీద వేసిన పాత బొమ్మ, వేరే నగరానిది కూడా కావచ్చు.

ఇంజను శబ్దం ఉపయోగపడుతుందా?

లేదు. ఆ శబ్దాలు తరువాత అతికించినవి. మా పెదనాన్న కళ్లు మూసుకుని గేరు మారే చప్పుడుతో బండి చెప్పేవారు, కానీ అది డిపోలో. సినిమా హాల్లో కాదు.

మాల్టా బస్సులు ఇతర దేశాల కథల్లో ఎందుకు కనిపిస్తాయి?

మాల్టా తన పేరుతో నటించినది తక్కువ, ఇతర దేశాల వేషం వేసినది ఎక్కువ కాబట్టి. 1978 నాటి 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్'లో ఇస్తాంబుల్ జైలుగా కనిపించేది మాల్టాలోని సెయింట్ ఎల్మో కోట. కథ ఏ ఊరిదైనా, వీధిలో బెడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కంపెనీ ముక్కు పొడుగు బస్సు, దాని మీద స్థానికంగా కట్టిన గుండ్రటి బాడీ, డ్రైవరు తలపైన దేవుడి పటం కనిపిస్తే అనుమానించండి. రంగు చిత్రమైతే ఇంకా తేలిక: 1973కు ముందు మార్గాన్ని బట్టి రంగు, ఆ తరువాత అన్నీ పచ్చ, 1995 నుంచి పసుపు. 2011లో వాటిని సేవ నుంచి తప్పించేశారు.

హాంకాంగ్ చిత్రాల్లో?

రేవుకు అవతల, ప్రధాన భూభాగంలో ఉన్న కౌలూన్ వైపు మొదటి డబుల్ డెక్కర్లు 1949లో వచ్చిన డైమ్లర్లు. రేవుకు ఇవతల హాంకాంగ్ ద్వీపంలో 1960ల మొదటి దాకా ఒక్క అంతస్తు బస్సులే. రేవుకు ఏ పక్కనో తెలిస్తే కాలం కూడా తెలుస్తుంది.

మన హైదరాబాదు బస్సులు కూడా ఈ కోవలోవేనా?

అవును. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. అప్పటివి స్కాట్లండ్ ఆల్బియన్లు. ఒకదాన్ని బాగుచేసి హైదరాబాదులో భద్రపరిచారు. దాని ముందు నిలబడి రేడియేటర్ చూస్తే, తెర మీద ఆల్బియన్‌ను పట్టుకోవడానికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

ఒక్క ఫ్రేము తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తారా?

నా దగ్గరున్న ఒక నలుపు తెలుపు ఫ్రేము చెబుతాను. ఏటవాలు వీధి, రాళ్లలో దిగిన ట్రామ్ పట్టాలు, కాలిబాట మీద నలుపు తెలుపు రాళ్ల ముగ్గు. కొండ ఎక్కుతున్న డబుల్ డెక్కర్. ముందు చక్రం ముక్కు కిందే ఉంది, కాబట్టి ఇంజను ముందు. డ్రైవరు గది ఎడమవైపు, ఎక్కే తలుపు కుడివైపు వెనక. బండ్లు కుడి పక్కన నడుస్తున్నాయి, అంటే ఎగుమతికి తగ్గట్టు తిరగేసి కట్టిన బస్సు. నంబర్ ప్లేటు నల్లది, తెల్ల అక్షరాలు: మొదట రెండు అక్షరాలు, గీత, రెండు అంకెలు, గీత, రెండు అంకెలు. అది పోర్చుగల్ పద్ధతి. ముగ్గు రాళ్లూ కొండా కలిస్తే లిస్బన్. అక్కడి కారిస్ సంస్థ 1940ల చివర నుంచి ఏఈసీ రీజెంట్లు నడిపింది. ఇక మిగిలింది ఆ త్రికోణపు బిళ్ల. సరిగ్గా దాని ముందుగా తలమీద చేపల బుట్ట పెట్టుకున్న ఒక ఆవిడ నడిచి వెళ్తోంది. తొమ్మిది ఫ్రేములు ముందుకు జరిపితే ఆవిడ తప్పుకుంది, బిళ్ల కనిపించింది.